పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: పేదరికం, సినిమా, ఒక సైకిల్ ఖరీదు

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది సినిమా కోర్సులో చేరాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా నియోరియలిజం అంటూ ఇటలీ సినిమాల గురించే చెబుతున్నాడు. పేదవాళ్ళ కష్టాలు చూపించే సినిమాలే అవి అయితే, మన పాత తెలుగు సినిమాల్లో రిక్షావాళ్ళు, కూలీలు, దిక్కులేని తల్లులు ఎంతమంది లేరు? వాటిని ఆ పేరుతో ఎందుకు పిలవరు?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కథానాయకుడు పేదవాడు కావడం ఒక ఎత్తు, పొద్దుట లేచింది మొదలు ఒక ఇంట్లో పేదరికం ఎలా పనిచేస్తుందో సినిమా పట్టించుకోవడం మరొక ఎత్తు. జనాదరణ పొందిన మన పాత చిత్రాలు చాలావాటిలో పేద నాయకుడు తల్లికి మందులు కొనలేక కుమిలిపోతాడు. అయితే ఆ మందు ఖరీదెంతో, అతని జేబులో ఎంత ఉందో, తక్కువపడిన పైకానికి ఎవరి గుమ్మం ఎక్కి ఎంతసేపు నిలబడ్డాడో మనకు తెలియదు. పాట రాగానే ఆ లెక్క మరుగున పడిపోతుంది. రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా ఇటలీలో మొదలై, సుమారు 1943 నుంచి 1952 వరకు బలంగా సాగిన నియోరియలిజం ఆ లెక్కను వదిలిపెట్టదు. ఒక చిన్న అవసరం తీరడానికి ఎంత డబ్బు, ఎంత సమయం, ఎంత పరువు ఖర్చయ్యాయో తెర మీద కనిపించాలి. నా మటుకు నేను ఆ సినిమాలను గుర్తుపట్టేది దీనితోనే.

విట్టోరియో డి సికా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్' మొదటి పావుగంట చూడండి. రోమ్ నగరం అంచున ఉన్న కాలనీలో చాలాకాలంగా పని లేకుండా ఉన్న ఆంటోనియో రిచ్చికి గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగం వస్తుంది. సైకిల్ ఉంటేనే ఉద్యోగం, ఆ సైకిలేమో తాకట్టులో ఉంది. అతని భార్య మరియా కాసేపు మాటామాటా అనుకున్న తరువాత ఏమీ చెప్పకుండా మంచం మీది దుప్పట్లను లాగేస్తుంది, దుప్పట్లు లేకపోయినా పడుకోవచ్చు అంటుంది. అవి ఆమె పెళ్ళికి తెచ్చుకున్న దుప్పట్లు. వాటిని మూటగట్టుకుని ఇద్దరూ తాకట్టు కార్యాలయానికి వెళతారు. కిటికీ వెనకున్న గుమాస్తా వాటిని లెక్కపెట్టి, వాడినవేనా అని అడిగి ఒక ధర చెబుతాడు. మరికొంత ఇవ్వమని వాళ్ళు బతిమాలుకుంటారు. చేతికొచ్చిన డబ్బులో ఎక్కువ భాగం పక్క కిటికీ దగ్గర సైకిల్ విడిపించడానికి పోతుంది. ఆ తరువాత డి సికా ఒక్క దృశ్యం కలిపాడు. లోపల ఒక ఉద్యోగి వీళ్ళ దుప్పట్ల మూటను భుజాన వేసుకుని, నేల నుంచి కప్పు దాకా ఉన్న అరలను పట్టుకుని ఎక్కుతూ ఉంటాడు. ప్రతి అరలోనూ అలాంటి మూటలే. ఆంటోనియో ఆ ఎక్కే మనిషిని చూస్తాడు, మనమూ చూస్తాం. ఊరంతా పక్క దుప్పట్లు కుదువపెట్టుకుని బతుకుతోందన్న సంగతి ఏ పాత్రా చెప్పనక్కరలేకుండానే మనకు తెలిసిపోతుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆ సైకిల్ పోతుంది. దాని వెనక ఆ దుప్పట్లు ఉన్నాయని మనకు ముందే తెలుసు కనుక, ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తండ్రీ కొడుకులు రోమ్ వీధులన్నీ గాలించడం మనకు అతిశయోక్తిగా అనిపించదు. మీ అబ్బాయిని ఈ కోణంలో మరొకసారి ఆ సినిమా చూడమని చెప్పండి.

ప్రశ్న: స్టూడియోలు బాంబుల్లో నాశనమై, చేతిలో డబ్బు లేక వీధుల్లో తీయవలసి వచ్చింది కాబట్టే ఆ సినిమాలు అలా ఉన్నాయని ఒకచోట చదివాను. అంటే అది గత్యంతరం లేక పుట్టిన పద్ధతేనా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అందులో సగం నిజం ఉంది. ముస్సోలినీ ప్రభుత్వం 1937లో ఆర్భాటంగా ప్రారంభించిన చినెచిట్టా స్టూడియోలు యుద్ధం తరువాత శరణార్థుల శిబిరంగా మారాయి. రాబర్టో రోసెల్లిని 'రోమ్ ఓపెన్ సిటీ' చిత్రీకరణ 1945 ఆరంభంలో మొదలుపెట్టేనాటికి రోమ్ నుంచి జర్మన్ సైన్యం వెళ్ళిపోయి ఏడాది కూడా కాలేదు. ఫిల్మ్ దొరకడమే గగనం, కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదు. ఆ ఇబ్బందులు ఆ చిత్రం ఒంటి మీద కనిపిస్తాయి.

అయితే లుకినో విస్కోంటి అనే దర్శకుడి సినిమా 'ఒసెస్సియోనే' విడుదలయింది 1943లో. అప్పటికి ఫాసిస్టు ప్రభుత్వం ఇంకా కూలలేదు, స్టూడియోలు పనిచేస్తూనే ఉన్నాయి. ధనవంతుల ఇళ్ళల్లో తెల్లని టెలిఫోన్ల చుట్టూ తిరిగే కథలే రాజ్యమేలుతున్న ఆ కాలంలో పో నది ఒడ్డున ఉన్న దుమ్ము రోడ్లకు కెమెరా తీసుకుపోవడం ఆయన కావాలని చేసిన పని. డి సికా సంగతీ అంతే. హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ 'బైసికిల్ థీవ్స్'కు డబ్బు పెడతానన్నాడు. ఆంటోనియో వేషం కేరీ గ్రాంట్‌కు ఇవ్వాలన్నది ఆయన షరతు. డి సికా ఒప్పుకోలేదు, ఇటలీలోనే డబ్బు కూడగట్టుకున్నాడు. పైగా ఆ సినిమా చౌకబారుగా చుట్టేసిందేమీ కాదు. చివర స్టేడియం బయట బారులు తీరిన సైకిళ్ళు, ఆట చూసి ఒక్కసారిగా బయటికి వస్తున్న జనం, వాళ్ళ మధ్య ఒంటరిగా నిలబడిన మనిషి, ఇవన్నీ చాలా శ్రద్ధగా కూర్చిన దృశ్యాలు. లేమి వాళ్ళకు వీధిని చూపించి ఉండవచ్చు. డబ్బు వస్తానన్నప్పుడు కూడా వీధిలోనే నిలబడడం మాత్రం వాళ్ళ నిర్ణయం.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళుగా నాటకాలు వేయిస్తున్నాను. నటన తెలియని మనుషులను వీధిలోంచి తెచ్చి నిలబెట్టడం గొప్ప కళ అని చెప్పడం నటులను చిన్నబుచ్చడం కాదా? వాళ్ళ చేత ఎలా నటింపజేశారు?
— ఒక నాటక దర్శకుడు, కరీంనగర్

జవాబు: మీ బాధలో న్యాయం ఉంది. ముందు ఒక అపోహ తొలగించాలి. నియోరియలిస్టు సినిమాలన్నిటిలోనూ కొత్తవాళ్ళే ఉన్నారన్నది నిజం కాదు. 'రోమ్ ఓపెన్ సిటీ'లో పీనా పాత్ర వేసిన అన్నా మన్యానీ, ఫాదరీ వేషం వేసిన ఆల్డో ఫబ్రిజీ ఇద్దరూ రంగస్థలం మీద ప్రేక్షకులను నవ్వించి పేరు తెచ్చుకున్నవాళ్ళు. జర్మన్ సైనికులు పట్టుకుపోతున్న మనిషి వెంట మన్యానీ వీధిలో పరుగెత్తే దృశ్యం వెనక ఎన్నో ఏళ్ళ సాధన ఉంది. డి సికా స్వయంగా పేరున్న నటుడు. ఆయన కొత్తవాళ్ళకు ప్రతి కదలికా తానే చేసి చూపించేవాడు. నటన తెలిసిన దర్శకుడు పక్కన ఉండబట్టే వాళ్ళు అంత సహజంగా కనిపించారు.

కొత్తవాళ్ళను ఎంచుకోవడంలో ఆయన చూసినవి ముఖమూ నడకా. ఆంటోనియోగా వేసిన లాంబెర్టో మజ్జొరానీ ఒక ఫ్యాక్టరీ కార్మికుడు. అతని పొడవాటి అంగల పక్కన చిన్న చిన్న అడుగులు వేస్తూ వెనకబడి మళ్ళీ పరుగెత్తి అందుకునే పిల్లవాడు కావాలని ఎన్జో స్టయోలాను ఎంచుకున్నాడు. సినిమా అంతా ఆ రెండు నడకల మీదే నడుస్తుంది. ఎక్కడ తండ్రి ఆగి వెనక్కి చూస్తాడో, ఎక్కడ చూడకుండా పోతాడో గమనించండి. డి సికాయే తీసిన 'ఉంబెర్టో డి'లో విశ్రాంత ఉద్యోగి వేషం వేసిన కార్లో బట్టిస్టీ భాషాశాస్త్ర ఆచార్యుడు. ఒక చేయి చాపడానికి కూడా సిగ్గుపడే మనిషి పరువు ఆయన మెడ నిలబెట్టే తీరులోనే ఉంది.

గొంతుల విషయం మీవంటి నాటక ప్రయోక్తలు తప్పక తెలుసుకోవాలి. ఆ రోజుల్లో ఇటలీ చిత్రాలను ఎక్కువగా మాటలు లేకుండా తీసి, తరువాత స్టూడియోలో డబ్బింగు చెప్పించేవారు. మజ్జొరానీ ముఖానికి వినిపించే గొంతు కూడా మరొకరిదే. దీనికి భిన్నంగా విస్కోంటి 1948లో సిసిలీలోని ఆచి ట్రెజ్జా అనే జాలరిపల్లెలో 'లా టెర్రా ట్రేమా' తీసినప్పుడు అక్కడి జాలర్ల చేత వాళ్ళ యాసలోనే మాట్లాడించాడు. ఆ యాస ఇటలీలోనే మిగతా ప్రాంతాల వారికి అర్థం కాక వ్యాఖ్యానం జోడించవలసి వచ్చింది. నాకు ఆ సాహసం అంటే చాలా గౌరవం.

నన్ను ఇబ్బంది పెట్టే సంగతి మరొకటి ఉంది. సినిమా పూర్తయ్యాక మజ్జొరానీ తన ఫ్యాక్టరీకే తిరిగి వెళ్ళాడు. కొన్నాళ్ళకు ఉద్యోగులను తగ్గించినప్పుడు అతని పనీ పోయింది. సినిమాలో బోలెడు సంపాదించి ఉంటాడులే అని చుట్టూ ఉన్నవాళ్ళు అనుకున్నారు. తరువాత చిన్నాచితకా వేషాలు దొరికినా ఆ జీవితం కుదుటపడలేదు. ఒక మనిషి ముఖాన్ని, నడకను అరువు తెచ్చుకున్న సినిమా ఆ తరువాత అతనికి ఏం బాకీ పడుతుంది? నటనే వృత్తిగా ఉన్నవాడికి మరుసటి వేషం అంటూ ఒకటి ఉంటుంది. మీ ప్రశ్నలోని అసలు బరువు ఇక్కడ ఉందని నా అభిప్రాయం.

ప్రశ్న: మీరు ఇదివరకు సిఫారసు చేసిన 'ఉంబెర్టో డి' చూశాను. నిజం చెప్పాలంటే నాకు విసుగు వచ్చింది. ఒక పనిమనిషి నిద్రలేచి కాఫీ పెట్టడం అంతసేపు చూపించడంలో గొప్పతనం ఏమిటో దయచేసి చెప్పండి.
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీరు విసుగు పడిన దృశ్యం గురించే ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాన్ ఎంతో గౌరవంతో రాశాడు. అందుకని మీరు పొరబడ్డారని అనను. విసుగు వచ్చిందంటే అక్కడ కాలం నడుస్తున్నదని మీకు తెలిసిందన్నమాట, డి సికా కోరుకున్నది కూడా అదే.

ఆ దృశ్యంలో ఉన్నదేమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. అద్దె ఇంటి యజమానురాలి దగ్గర పనిచేసే మరియా అనే పిల్ల పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ లేచి వంటింట్లోకి వస్తుంది. పొయ్యి వెలిగించడానికి అగ్గిపుల్ల గోడకేసి గీస్తుంది. అది ఒకంతట వెలగదు. గోడ మీద చీమలు బారులు కట్టి ఉంటే నీళ్ళు చల్లి తోలుతుంది. కిటికీలోంచి బయటికి చూస్తుంది. తరువాత ఉన్నట్టుండి తన కడుపు వైపు చూసుకుంటుంది. ఆమె గర్భవతి, తండ్రి ఇద్దరు సైనికుల్లో ఎవరో ఆమెకే తెలియదు, తెలిసినా ఇద్దరూ ఒప్పుకోరు, సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది. కళ్ళ నీళ్ళు కారుతూ ఉంటాయి. కాఫీ గింజలు మాత్రం ఆడించాలి కదా, కుర్చీలో కూలబడి మర తిప్పుతూనే, లేవకుండా కాలు చాపి బొటనవేలితో తలుపు మూయడానికి ప్రయత్నిస్తుంది.

మామూలు సినిమాలో దర్శకుడు ఇక్కడ రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. కాఫీ మరను వదిలేసి ఏడుపును దగ్గరగా చూపిస్తాడు. లేదా ఆమె తన గోడు ఎవరితోనో చెప్పుకునే సన్నివేశం ఒకటి రాస్తాడు. డి సికా, ఆయన రచయిత చెజారే జవట్టిని ఏడుపునూ పనినీ విడదీయలేదు. జీతానికి పనిచేసేవాళ్ళకు ఏడవడానికి వేరే సమయం ఉండదు. పని చేస్తూనే ఏడవాలి. మన ఇళ్ళల్లో అంట్లు తోముతూ, పిండి రుబ్బుతూ కొంగుతో కళ్ళు తుడుచుకున్న ఆడవాళ్ళను చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. తెర మీద దానికి అన్ని నిమిషాలు కేటాయించిన దర్శకుడు కొత్త.

జవట్టిని ఆలోచన ఇంకా ముందుకు పోయింది. ఒక స్త్రీ ఒక జత చెప్పులు కొనుక్కోవడానికి బయలుదేరింది అనుకుంటే చాలు, దాని మీద పూర్తి నిడివి చిత్రం తీయవచ్చని ఆయన వాదించాడు. ఆ చెప్పుల ఖరీదు ఏడు వేల లీరాలు ఎందుకయింది, ఆ డబ్బు ఆ ఇంటికి ఎలా వచ్చింది, అది ఖర్చు పెడితే ఇంకేది ఆగిపోతుంది, అమ్మేవాడికి అందులో ఎంత మిగులుతుంది, ఇలా అడుగుతూ పోతే ఆ ఒక్క కొనుగోలులోంచి ఊరంతా బయటపడుతుందని ఆయన నమ్మకం. మీరు రెండవసారి చూడగలిగితే, ముసలాయన బిచ్చం అడగడం సాధన చేసే దృశ్యం దగ్గర ఆగండి. చేయి చాపుతాడు, ఎవరో డబ్బు ఇవ్వబోతారు, వెంటనే అరచేయి తిప్పి వాన పడుతుందేమో చూస్తున్నట్టు నటిస్తాడు. ఒక్క క్షణమే. అంతకు ముందు గంటసేపు ఆయన గడియారం, పుస్తకాలు ఒక్కొక్కటీ అమ్ముకోవడం ఓపికగా చూసి ఉంటేనే ఆ క్షణం మనను పట్టుకుంటుంది.

ప్రశ్న: పేదరికాన్ని విదేశీ ఉత్సవాల్లో ప్రదర్శించి బహుమతులు తెచ్చుకోవడం దేశం పరువు తీయడం కాదా? ఇటలీలో కూడా ఈ ఆక్షేపణ వచ్చిందా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

జవాబు: వచ్చింది, అదీ ప్రభుత్వం నుంచే. సినిమా వ్యవహారాలు చూస్తున్న ఉపమంత్రి జూలియో ఆండ్రెయోట్టి, తరువాతి కాలంలో పలుమార్లు ప్రధాని అయిన ఆయనే, 1952లో డి సికాను ఉద్దేశించి ఒక బహిరంగ లేఖ రాశాడు. 'ఉంబెర్టో డి'లో కనిపించిందే ఈనాటి ఇటలీ అని ప్రపంచం నమ్మితే డి సికా దేశానికి అపకారం చేసినవాడవుతాడన్నది దాని సారాంశం. అంతకు మూడేళ్ళ ముందు ఆయన తెచ్చిన చట్టం వల్ల ప్రభుత్వ సహాయం కావాలంటే స్క్రిప్టు చూపించాలి. దేశానికి చెడ్డపేరు తెచ్చే చిత్రాలను విదేశాలకు పంపకుండా ఆపే వీలూ కలిగింది. 'ఉంబెర్టో డి'కి ఇటలీలోనే ప్రేక్షకులు రాలేదు. ఆ ధోరణి సన్నగిల్లడానికి ఇవన్నీ కారణమే. జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడడం మొదలై, వాళ్ళు నవ్వించే సినిమాలు కోరుకోవడమూ అంతే కారణం.

మన దేశంలో ఇదే మాట 1980లో రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న నటి నర్గిస్ సత్యజిత్ రాయ్ గురించి అన్నారు. విదేశీయులు మన దేశాన్ని దీనస్థితిలో చూడాలనుకుంటారు కనుకనే ఆయన సినిమాలకు అక్కడ ఆదరణ అన్నది ఆవిడ వాదన. ఆ మాటతో నేను ఏకీభవించలేను. అయినా అందులో ఒక హెచ్చరిక ఉంది. పేదవాణ్ణి కేవలం జాలి పడదగిన వస్తువుగా చూపించే సినిమాలు ఉన్నాయి, వాటికి బహుమతులూ వస్తాయి. ఒక సినిమా అటువంటిదా కాదా తేల్చుకోవడానికి నేను ఒక చిన్న ప్రశ్న వేసుకుంటాను: ఇందులో పేదవాడికి తన వస్తువుల గురించి, తన పని గురించి పట్టింపు ఉందా? 'బైసికిల్ థీవ్స్'లో సైకిల్ ఇంటికి వచ్చిన మర్నాడు కొడుకు బ్రూనో దానిని తుడుస్తూ ఒక సొట్ట కనిపెడతాడు. తాకట్టువాళ్ళే చేసి ఉంటారు, అప్పుడే అడగవలసింది, బాగుచేయించే ఖర్చు వాళ్ళు పెట్టుకుంటారా అని తండ్రిని నిలదీస్తాడు. ఇద్దరూ పనికి బయలుదేరే ముందు, మంచం మీద నిద్రపోతున్న పసిబిడ్డ కళ్ళలో వెలుతురు పడకుండా కిటికీ తలుపు వేసి మరీ వెళతాడు. వాడికి ఏడెనిమిదేళ్ళుంటాయేమో. ఆ పిల్లవాణ్ణి చూసి ఏ దేశం వాడైనా జాలిపడి ఊరుకోలేడు, గౌరవిస్తాడు. అందువల్ల ఇటలీ పరువు పెరిగిందనే నేను అనుకుంటాను.

ప్రశ్న: ఈ సినిమాల ప్రభావం మన దేశంలో ఎవరెవరి మీద పడింది?
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: రెండు దారుల్లో వచ్చింది. కలకత్తాలో ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా ఉన్న సత్యజిత్ రాయ్ 1950లో ఉద్యోగరీత్యా లండన్ వెళ్ళినప్పుడు 'బైసికిల్ థీవ్స్' చూశాడు. పేరున్న నటులు లేకుండా, బయట ప్రదేశాల్లో తాను తీయాలనుకున్న 'పథేర్ పాంచాలీ' సాధ్యమేనన్న ధైర్యం ఆయనకు అక్కడ కలిగింది. 1952లో చిత్రీకరణ మొదలై, డబ్బు లేక పలుమార్లు ఆగిపోయి, చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకోగా 1955లో విడుదలయింది. రెండవ దారి 1952 జనవరిలో బొంబాయిలో మొదలై మద్రాసు, కలకత్తా, ఢిల్లీలకు వెళ్ళిన మన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. అక్కడ ఇటలీ చిత్రాలు చూసిన బిమల్ రాయ్ ఆ మరుసటి ఏడాదే 'దో బీఘా జమీన్' తీశాడు.

ఈ రెండింటిలో మీరు ముందు రెండవది చూడాలి. ఇటలీ పద్ధతి మన హిందీ సినిమాలో ఎంతవరకు ఇమిడింది, ఎక్కడ ఇమడలేదు అన్నది అందులో స్పష్టంగా తెలుస్తుంది. శంభు అనే రైతు జమీందారుకు తాను బాకీ ఉన్నది కొద్దిపాటే అనుకుంటే కాగితాల మీద అది 235 రూపాయలుగా తేలుతుంది. కోర్టు ఇచ్చిన మూడు నెలల గడువులో ఆ మొత్తం సంపాదించడానికి కలకత్తా వెళ్ళి రిక్షా లాగుతాడు. అప్పు మొత్తమూ, గడువూ మనకు తెలుసు కనుక అతను సంపాదించే ప్రతి అణా మనకు లెక్కలోకి వస్తుంది. బల్‌రాజ్ సాహ్నీ ఆ పాత్ర కోసం కలకత్తా వీధుల్లో నిజంగానే రిక్షా లాగడం నేర్చుకున్నాడు. ఎక్కువ డబ్బిస్తాం, ఇంకా వేగంగా పోనీ అంటూ ప్రయాణికుడు ఉసిగొలుపుతుంటే అతను పరుగెత్తి పరుగెత్తి, చక్రం ఊడిపోయి పడిపోయే దృశ్యం ఏ ఇటలీ సినిమాకూ తీసిపోదు. మధ్యలో పాటలు వస్తాయి, యాదృచ్ఛికాలు కాస్త ఎక్కువవుతాయి. సలీల్ చౌధురి సంగీతం ఎంత బాగున్నా అక్కడ లెక్క కొంత సడలుతుంది. 'పథేర్ పాంచాలీ' దారి వేరు. దానిలో పేదరికంతో పాటు వాన, రెల్లుపూలు, రైలుబండి చూసే పిల్లల ఆనందం కూడా సమానంగా ఉన్నాయి. కూతురు చనిపోయిన సంగతి తెలియని తండ్రి ఊరినుంచి తిరిగి వచ్చి, తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే చూపిస్తూ ఆ పిల్ల కోసం కొన్న చీరను తల్లి చేతికి ఇస్తాడు. అక్కడ ఆమె ఏడుపు వినిపించకుండా రాయ్ తారషెహనాయి వాద్యాన్ని వినిపించాడు.

ప్రశ్న: మరి తెలుగులో? మనకు అటువంటి సినిమా అసలు ఉందా, లేక మనం ఎప్పుడూ పక్కవాళ్ళను చూసి మెచ్చుకోవడమేనా?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఉంది, తక్కువగా ఉంది, ఉన్నదానిని మనం సరిగా దాచుకోలేదు. ఇటలీ పద్ధతికి అచ్చంగా సరిపోయేవి అనను, కాని అదే శ్రద్ధతో తీసినవి ఉన్నాయి. బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను తెలుగు పల్లెకు తెచ్చి 'ఒక ఊరి కథ' తీశాడు. కష్టపడి పనిచేస్తే లాభపడేది ఆసామియే తప్ప తాను కాదు గనుక పనే చేయనని భీష్మించుకున్న ముసలివాడు, అతని కొడుకు, ఆ ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల. వాసుదేవరావు, మమతాశంకర్ నటన కోసమైనా చూడవలసిన చిత్రం. పేదవాడు మంచివాడుగానే ఉండాలన్న మన అలవాటును ఇంత కటువుగా ప్రశ్నించిన తెలుగు సినిమా నాకు మరొకటి కనబడలేదు.

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు ప్రభృతులు నిర్మించిన 'మా భూమి' తెలంగాణ రైతాంగ పోరాటం కథ. అది చరిత్ర వైపు మొగ్గుతుంది. మీరు అడిగిన ధోరణికి ఎక్కువ దగ్గరగా ఉన్నది నర్సింగరావు స్వయంగా దర్శకత్వం వహించిన 'దాసి'. 1988 నాటి ఈ చిత్రంలో దొరల గడీలో బతుకుతున్న కమలాక్షి రోజు ఎలా గడుస్తుందో తప్ప పెద్ద కథ లేదు. నీళ్ళు తోడడం, ఊడవడం, వడ్డించడం, పిలిచినప్పుడు వెళ్ళడం, ఇదే. సంగీతం చాలా తక్కువ. చీపురు చప్పుడు, చెంబు చప్పుడు వినిపిస్తాయి. ఆ పాత్రకు అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. చిత్రకారుడు తోట వైకుంఠం కళా దర్శకత్వం వహించడం వల్ల గడీలోని ప్రతి వస్తువూ ఆ కాలానిదిగానే కనిపిస్తుంది. 'ఉంబెర్టో డి'లోని వంటింటి దృశ్యాన్ని మెచ్చుకునేవారు 'దాసి' చూడకపోతే నాకు బాధగా ఉంటుంది. ఊరు విడిచి హైదరాబాదులో భవన నిర్మాణ కూలీలుగా చేరినవాళ్ళ మీద ఆయనే 1990లో 'మట్టి మనుషులు' తీశాడు. పొద్దున్నే కూలీల అడ్డాల మీద నిలబడే జనాన్ని ఇప్పటికీ మన నగరాల్లో చూస్తున్నాం, ఆ అంశం మీద తెలుగులో తరువాత వచ్చిన సినిమాలు ఎన్ని?

ఇటీవలి వాటిలో 2018 నాటి 'కేరాఫ్ కంచరపాలెం' గురించి చాలామంది అడుగుతుంటారు. నటుల్లో ఎక్కువమంది విశాఖపట్నంలోని ఆ పేటవాళ్ళే కావడం, వాళ్ళ యాస, వాళ్ళ వీధులు అలాగే ఉంచడం, ఇవి నిస్సందేహంగా ఆ సంప్రదాయం నుంచి వచ్చినవే. కథ నడక మాత్రం ప్రేమల చుట్టూ అల్లినది, చివరి మలుపు మీద ఆధారపడినది. నాకు ఆ సినిమా ఇష్టం. దానిని నియోరియలిజం అనడం మాత్రం సరికాదు.

తమిళంలో బాలు మహేంద్ర 1988లో తీసిన 'వీడు' కూడా మీ దృష్టికి తేవాలి. ఒక మధ్యతరగతి ఉద్యోగిని సొంత ఇల్లు కట్టుకోవడమే అందులో కథ. అప్పు, సిమెంటు, మేస్త్రీ, పర్మిషన్లు, ఒక్కొక్క గోడా లేవడానికి పట్టే కాలం, అన్నీ లెక్క ప్రకారం కనిపిస్తాయి. ఇల్లు కట్టిన ప్రతి కుటుంబానికీ అందులో తమ సంగతి దొరుకుతుంది. మన తెలుగు రచయితలు ఇటువంటి కథ ఎందుకు రాయడం లేదని నేను చాలాకాలంగా అడుగుతున్నాను. ఈ జవాబు చదివే యువ దర్శకులను కూడా అడుగుతున్నాను.

ప్రశ్న: పదేళ్ళ మా మనవరాలితో కలిసి చూడదగ్గ సినిమా ఒకటి చెప్పండి. మరీ ఏడిపించేది వద్దు.
— ఒక తాతగారు, గుంటూరు

జవాబు: 'బైసికిల్ థీవ్స్' గంటన్నర సినిమాయే గాని, చివర తండ్రి అవమానపడే దృశ్యం ఆ వయసుకు బరువు కావచ్చు. దానికి బదులు ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ 1997లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' పెట్టండి. అన్న పొరపాటున చెల్లెలి బూట్లు పోగొడతాడు. ఇంట్లో డబ్బు లేదని తెలుసు కనుక ఇద్దరూ నాన్నకు చెప్పకుండా ఒక్క జతనే పంచుకుంటారు. చెల్లెలి బడి పొద్దున, అన్న బడి మధ్యాహ్నం. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి సందులో బూట్లు విప్పి ఇస్తే అతను తొడుక్కుని పరుగెత్తాలి. పరుగుపందెంలో మూడో బహుమతిగా బూట్లు ఇస్తారని తెలిసి, ఆ పిల్లవాడు మొదటి స్థానం కోసం కాకుండా మూడో స్థానం కోసమే పాల్గొంటాడు. ఫలితం ఏమయిందో మీ మనవరాలిని ముందు ఊహించమనండి. మాటలు పారసీకంలో ఉంటాయి, సబ్‌టైటిల్స్ మీరు చదివి చెప్పవలసి రావచ్చు. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆపినా నష్టం లేదు.